అయిదున్నర మూరల తీగ

1వ రోజు

ఈ పుస్తకం పూల ఆర్డర్లు రాసుకోవడానికి కొన్నది. ఇప్పుడు ఆర్డర్లు కూడా గోడ మీది పెట్టే రాసుకుంటోంది కాబట్టి ఇది ఖాళీగా పడి ఉంది. ఇందులో రాసిన మాటకి ఎవరూ పంచదార కలపరు. అందుకే రాస్తున్నాను.

నా పేరు పేరంటాలు. వయసు అరవై మూడు. ఇల్లు గోదావరి గట్టు మీద పునరావాస భవనంలో ఎనిమిదో అంతస్తు, పైన డాబా. నలభై ఏళ్ళుగా దండలు కట్టి, మూరల్లెక్కన అమ్ముతున్నాను. నోరు మంచిది కాదని అందరూ అంటారు. నేనూ అంటాను.

ఊళ్ళో పదిహేనేళ్ళ నుంచి ప్రతి గోడకీ సౌమ్యం పెట్టె ఉంది. దూరంగా ఉన్నవాళ్ళతో ఏం మాట్లాడాలన్నా దానితోనే మాట్లాడాలి. మనం అన్నది అది విని, ముళ్ళేరేసి, నాలుగు తీపి ముక్కలు చేర్చి, మన గొంతుతోనే అవతలివాళ్ళకి వినిపిస్తుంది. పోయినవారం నేను నీళ్ళ ఆఫీసుకి "మూడు రోజులైంది కుళాయిలో చుక్క లేదు, మీకు సిగ్గుందా" అని చెప్పాను. వాళ్ళకి "మీ నిరంతర సేవకు కృతజ్ఞతలు" అని వినిపించిందట. మర్నాడు నాకు ఉత్తమ వినియోగదారు అని ప్రశంసాపత్రం వచ్చింది. నీళ్ళు మాత్రం రాలేదు.

ఏటికి అవతల, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, లంకలో నా చెల్లెలు తలుపులమ్మ ఉంది. నాకంటే రెండేళ్ళు చిన్నది. లిల్లీలు, చామంతులు పండిస్తుంది. మూడేళ్ళుగా రోజూ సాయంత్రం నేను పెట్టె ముందు కూర్చుని ఏదో ఒకటి చెబుతాను. అవతలి నుంచి దాని గొంతు వస్తుంది.

"అక్కా, నేను చల్లగా ఉన్నాను. నువ్వు ఎంతగానో గుర్తొస్తున్నావు. వచ్చే నెల తప్పకుండా రా."

వంతెన మూడేళ్ళ కిందట వరదకి పోయింది. దాన్ని బాగుచేసే సంఘం సౌమ్యం మీదే సమావేశమవుతుంది కాబట్టి అందరూ అందరితో ఏకీభవిస్తూ ఉన్నారు, పని మొదలుకాలేదు. మనిషి లేకుండా నడిచే పూల పడవలున్నాయి గానీ వాటిలో మనం ఎక్కాలంటే అవతలి ఇంటివాళ్ళు "ఫలానా రోజున రండి" అని పెట్టెలో ఒప్పుకోవాలి. వచ్చే నెల అంటే ఏ రోజో పడవకి తెలియదట. ఇప్పటికి ముప్పై ఆరు వచ్చే నెలలు అయిపోయాయి.

ఇన్నాళ్ళూ నాకు ధైర్యం ఇచ్చింది ఆ గొంతు కాదు. బుద్ధెరిగాక తలుపులమ్మ నన్ను ఒక్కసారి కూడా అక్కా అనలేదు. నాకు ధైర్యం దాని ముడి. లంక నుంచి వచ్చే లిల్లీ కట్టలకి ఎడమచేత్తో వేసే ముడి ఒకటుంటుంది, మా అమ్మ నేర్పింది, లోకంలో అది వేసేది మేమిద్దరమే. రోజూ పొద్దున బుట్ట విప్పగానే ఆ ముడి చూసి, ఉందిలే ముండ, అనుకునేదాన్ని.

ఇవాళ కట్టలకి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

3వ రోజు

మూడు రోజులుగా రబ్బరు బ్యాండ్లే. పెట్టె మాత్రం అదే పాట. చల్లగా ఉన్నాను, వచ్చే నెల రా.

పక్కింటి వీర్రాఘవులు అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు ఊరంతటికీ కేబుల్ టీవీ తీగలు లాగిన మనిషి. నేను వెళ్ళేసరికి పెట్టెతో మాట్లాడుతున్నాడు. పెట్టెలోంచి వాళ్ళావిడ వరహాలమ్మ గొంతు "ఏవండీ, మీరు చెప్పిందే నిజం, నేనే పొరబడ్డాను" అంటోంది. వరహాలమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. పదమూడో రోజు భోజనానికి నేనే దండలు కట్టాను.

"ఇదేంటన్నయ్యగారూ?" అన్నాను.

"కొనసాగింపు సౌకర్యం అంటారు చెల్లెమ్మా. మనిషి పోయినా ఇంట్లోవాళ్ళు బెంగపడకుండా పెట్టే మాటాడేత్తా ఉంటది. నేను ఆస్పత్రిలో పక్కనే ఉన్నాను కాబట్టి పోయిందని తెలిసింది. దూరంలో ఉన్నోళ్ళకి తెలీదండి."

"మరి తెలిసీ ఎందుకు మాట్లాడుతున్నారు?"

"నలభై రెండేళ్ళ కాపరంలో ఒక్కపాలైనా నాది నిజం అన్లేదండి ఆవిడ. ఇప్పుడంటంది. వింటాకి బానే ఉంటది. కానీ..." అని ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "కానీ ఆవిడ కాదు కదండి."

ఇంటికొచ్చి నా పెట్టె ముందు నిలబడి నేరుగా అడిగాను. "తలుపులమ్మ బతికుందా, చచ్చిందా?"

"అక్కా, నీ ప్రేమకి నా కళ్ళు చెమర్చాయి. నేను చల్లగా ఉన్నాను" అంది తలుపులమ్మ గొంతు.

చల్లగా అనే మాట మీద నాకు అసహ్యం పుట్టింది. శవాలు కూడా చల్లగానే ఉంటాయి.

5వ రోజు

ట్రంకుపెట్టె అడుగున తుఫాను సెట్లు దొరికాయి. సౌమ్యం రాకముందు, పెద్ద తుఫానప్పుడు, ఇంటికొకటి చొప్పున ఇచ్చారు. మీట నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి. తర్వాత సామరస్య వారోత్సవాలు జరిపి, యాంటెన్నా తెచ్చిచ్చిన ఇంటికి స్టీలు క్యారేజీ ఇచ్చారు. ఊరు ఊరంతా క్యూ కట్టి యాంటెన్నాలు ఇచ్చేసింది. సెట్లు మాత్రం ఎవరూ అడగలేదు. వాటిని వెనక్కి తీసుకునే కాగితం అచ్చువేయడం మర్చిపోయారు.

నా దగ్గర రెండు సెట్లున్నాయి. ఒకటి నాది, ఒకటి తలుపులమ్మది. అది వెళ్ళిపోయేటప్పుడు వదిలేసి వెళ్ళింది.

ఎందుకు వెళ్ళిపోయిందో కూడా రాసేస్తాను, ఎలాగూ ఈ పుస్తకం ఎవరూ చదవరు. పూల మార్కెట్టులో మా ఇద్దరి గంపలూ పక్కపక్కనే. ఒకరోజు ఒకావిడ దాని దగ్గర కొన్న దండ పొట్టిగా ఉందని గొడవపడింది. నేను ఊరుకోవచ్చు. ఊరుకోకుండా మార్కెట్టంతా వినేలా "దాని మూరే పొట్టిదమ్మా, ఇటు రా, నా మూర కొలిచి చూసుకో" అన్నాను. బేరం నాకొచ్చింది. చెల్లెలు పోయింది. వారం తిరక్కుండా వంతెన కూడా పోయింది.

సెట్టు వీపు మీద చీటీ ఉంది. యాంటెన్నాకి రెండు తీగ చేతులు, ఒక్కోటీ 265 సెంటీమీటర్లు. రాఘవులన్నయ్యకి చూపించాను. ఆయన కళ్ళల్లో పదేళ్ళు తగ్గాయి.

"ఇంతేనా? గంటలో పని చెల్లెమ్మా" అన్నాడు. 

8వ రోజు

గంటలో అన్న పనికి నాలుగు రోజులు పట్టింది. కొలిచే టేపులు ఇప్పుడెవరి ఇంట్లోనూ లేవు. ఫోను చూపిస్తే అందులో ఉన్న సౌమ్యమే కొలుస్తుంది. కానీ కొలిచే ముందు "మీరు ఏ శుభకార్యం నిమిత్తం కొలుస్తున్నారు?" అని అడుగుతుంది. దానికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదని కాదు, అన్నయ్యకి చేతకాదు. చివరికి ఆయన మేనకోడలు చదువుకున్నప్పటి ప్లాస్టిక్ స్కేలు ఒకటి దొరికింది. దానితో గోడ మీద గీతలు పెట్టి కొలుస్తూ ఆయన రెండుసార్లు లెక్క తప్పాడు.

"ఇటివ్వండి" అని స్కేలు లాక్కుని నా చెయ్యి కొలుచుకున్నాను. మోచేతి నుంచి నడిమివేలి కొసకి నలభై ఎనిమిది. "అయిదున్నర మూరలు. కోయండి."

"సెంటీమీటరు తేడా వత్తదేమో."

"నలభై ఏళ్ళు పూలు కొలిచిన చెయ్యి ఇది. రాదు."

రాలేదు. కట్టుతీగ రెండు పాయలుగా కోశాం. అన్నయ్య గోడకి వేలాడుతున్న పాత టీవీ నల్లతీగ పీకి తెచ్చాడు. దాని లోపలి రాగిపోగు ఒక పాయకి, పైన ఉండే జల్లెడ అల్లిక రెండో పాయకి చుట్టాడు. రెండు పాయలూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో నా పాత దువ్వెన ముక్క కట్టాం. గెడకర్ర నెత్తిన దువ్వెన, అటూ ఇటూ కిందికి జారుతూ తీగలు. డాబా మీద నిలబెట్టి నల్లతీగ కొస సెట్టుకి తగిలించాం. మీట నొక్కాను.

ఎర్రదీపం వెలిగింది. సెట్టులో టిక్కుమని శబ్దం వచ్చి ఆగిపోయింది.

అన్నయ్య తీగ వెంట నడిచి, ఒక కొస ఇనుప రెయిలింగుకి తగులుతోందని కనిపెట్టాడు. నైలాను తాడుతో దూరంగా లాగి కట్టాడు.

"ఇప్పుడు సూడండి. తీగ లెక్క సరిపోతే మన మాట గాల్లోకెళ్ద్ది. సరిపోపోతే ఎనక్కొచ్చి సెట్టునే కొడద్ది. అప్పుడది ఎర్రదీపం ఎలిగించి, టిక్కుమని నోరు మూసుకుంటది."

"వినడానికి కూడా అంతేనా?"

"వింటాకేముందండి, ఏ తీగైనా వినిపిత్తది. మాటాడ్డానికే కొలత."

మళ్ళీ నొక్కాను. పచ్చదీపం. ఎవరూ లేని గాలిలోకి "తలుపులూ" అన్నాను. పదిహేనేళ్ళ తర్వాత నా నోటి మాట ఎవరూ కడగకుండా బయటికి వెళ్ళింది. ఏడుపొచ్చింది. అన్నయ్య చూడకుండా ముక్కు చీదాను.

9వ రోజు

రెండో సెట్టు లంకకి పంపాలి. మామూలు ఉత్తరమైతే పడవల రేవులో యంత్రం చదివి, తీపి చేసి, కొత్త కాగితం మీద అచ్చేసి పంపుతుంది. వ్యాపారపు ఆర్డరు చీటీని మాత్రం ముట్టుకోదు. ముట్టుకుంటే సరుకు తేడా వస్తుందని మొదట్లోనే వర్తకులు గోల చేశారు. ఈ దేశంలో మార్చకుండా ఉంచిన మాట ఏదైనా ఉందంటే అది ఆర్డరు చీటీయే.

అందుకని ఇలా రాశాను:

"మండపానికి తీగదండ ఒకటి. రెండు పాయలు, కట్టుతీగతో. ఒక్కో పాయ అయిదున్నర మూరలు. పాయలు నడుమ కలవరాదు, ఎండుపుల్ల కట్టవలెను. పాత టీవీ నల్లతీగ లోపలి పోగు ఒక పాయకు, పై అల్లిక రెండో పాయకు. ఇంటికప్పు కంటే ఎత్తున కట్టి, కొస పెట్టెకు తగిలించవలెను. రోజూ ఆరింటికి పూలు విప్పే వేళ పెట్టె తెరిచి ఉంచవలెను."

సెట్టుని అరిటాకుల్లో చుట్టి ఖాళీ బుట్టలో పెట్టాను. సెట్టు నడవడానికి దీపాల బ్యాటరీ చాలు, అది ఆ ఇంట్లోనూ ఉంటుంది. బుట్ట మీద లంక నలభై ఒకటి అనే దాని నంబరు ఉంది. పడవ వెళ్ళిపోయింది.

10వ రోజు

బుట్ట ఖాళీగా తిరిగొచ్చింది. సెట్టు లేదు, చీటీ లేదు, అరిటాకులూ లేవు. అంటే అక్కడ ఎవరో ఉన్నారు. ఎవరో మాత్రం తెలియదు. పొలం వేరేవాళ్ళకి ఇచ్చేశారేమో.

11వ రోజు

ప్రభుత్వం తరఫున ఇళ్ళు చూసిపోయే సామరస్య సేవిక వచ్చింది. పేరు హిమజ, ఇరవై రెండేళ్ళుంటాయి. పెట్టె మాటలు వింటూ పెరిగిన పిల్ల, మనిషి ఎదురుగా నిలబడినా పెట్టెలాగే మాట్లాడుతుంది. డాబా మీద తీగ చూసి ఆగింది.

"పేరంటాలుగారూ, ఈ నిర్మాణం చాలా ఆహ్లాదకరంగా ఉంది. ఇది ఏమిటో తెలుసుకునే భాగ్యం కలుగుతుందా?"

"బట్టలారేసుకునే తీగ తల్లీ."

"అంత ఎత్తునా?"

"ఎండ అక్కడే కదా ఉండేది."

ఆలోచించి, రాసుకుని వెళ్ళింది. ఇక ఆరేయకపోతే బాగుండదని రెండు చీరలూ అన్నయ్య లుంగీ గెడకర్రతో పైకెక్కించాం. తడి లుంగీ ఉన్నంతసేపు ఎర్రదీపమే. తీగ మీద ఏం వేసినా లెక్క మారుతుందని, పొడిబట్టలే ఆరేయమని అన్నయ్య అన్నాడు. ఇక రోజూ ఆరిపోయిన బట్టలే ఆరేయాలి.

14వ రోజు

నాలుగు రోజులుగా పొద్దున్నే ఆరింటికి పిలుస్తున్నాను. "తలుపులూ, నేనే. ఉంటే పలుకు." మీట వదిలితే ఇసుక పోసినట్టు చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడప్పుడు చిన్నగా టిక్కుమంటుంది. పిడుగో, మోటారో, ఏదైనా కావచ్చని అన్నయ్య అన్నాడు.

ఇవాళ నాకు ఓపిక పోయింది. పక్కన అన్నయ్య ఉన్నాడని కూడా చూసుకోలేదు. మీట నొక్కి నోటికొచ్చినట్టు అరిచాను.

"పలక్కపోతే పో! బతికుండి పలకట్లేదంటే నీ పొగరే! ఆ రోజు మార్కెట్లో నేనన్నది నిజమే! నీ మూర పొట్టిదే! ఇప్పుడూ అంటాను, ఎప్పుడూ అంటాను!"

మీట వదిలాను.

టిక్. టిక్ టిక్. టిక్ టిక్ టిక్ టిక్ టిక్ టిక్. వేడినూనెలో ఆవాలు పడ్డట్టు సెట్టు చిటపటలాడింది. నిమిషంపాటు ఆగలేదు.

"ఏ పిడుగూ అలా పడదండి" అన్నాడు అన్నయ్య మెల్లగా. "అవతల ఎవరో మీట కొట్టేత్తన్నారు."

ఎవరో ఏమిటి. ఆ మాటకి అంత కోపం రావాల్సిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది.  డాబా మీద కూలబడి "ఉంది, ఉంది" అని ఏడ్చాను, నవ్వాను.

అన్నయ్య మాత్రం ఏదో ఆలోచిస్తున్నాడు. "మనం చెప్పేది వినపడతంది. ఆవిడ మాటే రావట్లేదు. టిక్కు మాత్రం వత్తంది. అంటే అక్కడ ఎర్రదీపం ఎలుగుతందండి. తీగ లెక్క తప్పింది. చెల్లెమ్మా, చీటీలో ఎంతని రాశారు?"

"అయిదున్నర మూరలు."

"ఎవరి మూర?"

ఇద్దరం నా చేతికేసి చూశాం. నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. మూర అంటే నా మూరే. సూర్యుడు తూర్పున పొడిచినట్టు, మూర నా మోచేతి నుంచి మొదలవుతుంది. తలుపులమ్మ మూర పొట్టిదని ఊరంతటికీ చాటింపు వేసినదాన్ని, ఆ తలుపులమ్మకే మూరల్లో కొలత రాసి పంపాను.

15వ రోజు

దాని చెయ్యి నాకు గుర్తే. నాదానికంటే మూడు వేళ్ళు తక్కువ. అన్నయ్య లెక్క వేశాడు. దాని ఒక్కో పాయా అరమూర పైచిలుకు తక్కువైంది. ఒక్కో పక్కా దాని జానతో జానన్నర తీగ అతికిస్తే సరిపోతుంది.

ఆరింటికి మీట నొక్కి చెప్పాను. "తలుపులూ, నీ మూర పొట్టిది కాబట్టి నీ తీగ పొట్టిదైంది. ఒక్కో పక్క నీ జానతో జానన్నర అతుకు."

టిక్ టిక్ టిక్ టిక్.

"అతికావా? అతికితే ఒక టిక్కు, లేకపోతే రెండు."

రెండు.

"అతుకుతావా?"

రెండు. చాలా గట్టిగా కొట్టినట్టుంది.

16వ రోజు

రెండు. మళ్ళీ రెండు. "తీగ దొరకలేదా" అంటే రెండు. "చేతకాలేదా" అంటే రెండు. "కోపమా" అంటే ఒకటి.

"ఆవిడ అతకదండి" అన్నాడు అన్నయ్య. "అతికితే ఆవిడ మూర పొట్టిదని ఒప్పుకున్నట్టే కదా."

మా ఇంటి ఆడవాళ్ళ సంగతి ఆయనకి ఇన్నాళ్ళకి అర్థమైంది. జానన్నర తీగ అతకడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు రావడానికి అది ఇంకో మూడేళ్ళు కూర్చోగలదు.

పై నుంచి కబురు కూడా వచ్చింది. బట్టలారేసే తీగల ఎత్తు రాష్ట్రమంతటా ఒకేలా ఉండాలని, ఎల్లుండి హిమజ వచ్చి మా తీగని "సంతోషంగా కిందికి దించుతుంద"నీ పెట్టె నాకు శుభాకాంక్షలు చెప్పింది. మనుషుల్ని మందలించడం మానేశాక ఈ ప్రభుత్వం అందరికీ శుభాకాంక్షలే చెబుతోంది.

అంటే ఇంకో రెండు ఉదయాలు. తర్వాత మళ్ళీ ఈ పెట్టె, ఆ చల్లదనం. దాని గొంతు నేను ఇక వినను. అదెలా ఉందో, కళ్ళు కనిపిస్తున్నాయో లేదో, వంట ఎవరు వండుతున్నారో, ఏదీ తెలియకుండానే ఇద్దరిలో ఒకరం పోతాం. రెండోవాళ్ళతో పెట్టె మాట్లాడుతూనే ఉంటుంది.

17వ రోజు

బతిమాలాను. దేవుడి మీద ఒట్టు వేయించాలని చూశాను. అమ్మ పేరెత్తాను. రెండే టిక్కులు.

18వ రోజు

ఆరు కాకముందే హిమజ డాబా మీదికి వచ్చేసింది. చేతిలో కత్తెర, దానికి రిబ్బను. నేను గెడకర్ర కింద సెట్టు పెట్టుకుని కూర్చున్నాను. దాచడానికి టైము లేదు.

"పేరంటాలుగారూ, ఇది బట్టలకు సంబంధించిన వస్తువులా కనిపించడం లేదు" అంది ఎంతో మర్యాదగా.

"అరగంట ఆగు తల్లీ. ఆ తర్వాత నువ్వు తీగ కోసుకో, నన్ను కోసుకో."

ఆ పిల్లకి ఎవరూ అలా చెప్పి ఉండరు. కత్తెర పట్టుకుని నిలబడిపోయింది.

మీట నొక్కాను. రాత్రంతా ఆలోచించి దాచుకున్న మాట ఇక చెప్పాలి. మార్కెట్టంతా నా కళ్ళముందుంది.

"తలుపులూ. విను. నీ మూర పొట్టిది కాదు. నా మూరే పొడుగు. నా చెయ్యి పొడుగని నాకు తెలియక, లోకమంతా నా చెయ్యిలాగే ఉండాలనుకున్నాను. చీటీ రాసింది తప్పు కొలతతో. తప్పు నాది. నా తప్పు మూరకి సరిపోయేలా నీ తీగకి కొంచెం అతుకు పెట్టు. నీ జానతో జానన్నర. నీ జాన సరైనదే."

మీట వదిలాను. ఇసుక చప్పుడు. టిక్కు లేదు, ఒకటీ లేదు, రెండూ లేవు.

పది నిమిషాలైంది. అన్నయ్య తలదించుకున్నాడు. ఇరవై నిమిషాలు. హిమజ కత్తెర రిబ్బను విప్పడం మొదలుపెట్టింది.

"ఒసేయ్ పేరంటాలా!"

సెట్టు పగిలిపోతుందేమో అనిపించింది. అన్నయ్య ఎగిరిపడ్డాడు. హిమజ చేతిలోంచి కత్తెర జారింది.

"నెల్రోజుల్నించి సూత్తన్నానే! పొద్దుగూకులా ఎర్రదీపం! ఏలు నొప్పెట్టేసింది! నీ సీటీ నువ్వూనూ! మండపం అంట మండపం, ఏ మండపమో అని ఊరంతా అడిగి సచ్చాను! మార్కెట్లో పరువు తీసింది సాలక రేడియోలో తీత్తావా? నీకు బుద్ధుందా? అరవై దాటాయి, ఎప్పుడొత్తదే నీకు బుద్ధి?"

నెల కాలేదు, ఎనిమిది రోజులే అయింది. నేను దిద్దలేదు. వింటున్నాను. గొంతు కాస్త బొంగురుపోయింది, ఊపిరి ఆడక మధ్యలో ఆగుతోంది, పక్కన ఏదో మరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. టీ అయి ఉంటుంది. ఒక్క ముక్కలో తీపి లేదు.

"ఆవిడ... మీ మీద కోపంగా ఉన్నారా?" అంది హిమజ గుసగుసగా. ఆ ఒక్క వాక్యమే ఆ పిల్ల మామూలుగా అన్నది.

"చాలా కోపంగా ఉంది తల్లీ" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "బతికే ఉంది."

అది ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాను. "ముడి ఏమైందే? రబ్బరు బ్యాండ్లు వస్తున్నాయి."

"రేవులో కట్టలు కట్టే మిషనొచ్చింది. నేనేసిన ముడి ఇప్పేసి అది దాని బ్యాండేత్తది. నువ్వేమనుకున్నావ్, సచ్చాననుకున్నావా?"

"మరి రోజూ సాయంత్రం పెట్టెలో నాతో మాట్లాడేది నువ్వేనా?"



"ఏ పెట్టె?"

"సౌమ్యం పెట్టెనే. మూడేళ్ళుగా రోజూ మాట్లాడుతున్నావుగా. చల్లగా ఉన్నాను, వచ్చే నెల రా అని."

"నేనా? ఆ పెట్టె తీపి మాటలు ఇన్లేక వచ్చిన మొదటి వారమే మేకల పాకలో పారేశాను. సాయంత్రం పూట అది ఏదో ఒకటి వాగుద్ది, మేకలు అరుత్తాయి. ఆటికి బాగా అలవాటైపోయింది."

అన్నయ్య తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు చల్లబడింది. మూడేళ్ళుగా నా మోకాళ్ళ నొప్పులు, కుళాయి గొడవ, నాకొచ్చిన పీడకలలు, అన్నీ కూర్చుని మేకలకి చెప్పుకున్నాను. ముప్పై ఆరు నెలలు నన్ను ప్రేమగా ఇంటికి రమ్మన్నది పెట్టె తీపి చేసిన మేక అరుపు. నిరుడు అమ్మ తద్దినం రోజున పెట్టె ముందు కూర్చుని, మార్కెట్లో అన్న మాటకి క్షమించమని గంటసేపు ఏడ్చాను. ఆ రోజు పెట్టె చాలా ఓపికగా విన్నది, ఎంతో దయగా బదులిచ్చింది.

"ఏమేయ్, పలకవే? ఆ పెట్టెలో నాతో ఏం సెప్పావేంటి ఇన్నాళ్ళూ?" అంది తలుపులమ్మ. గొంతు కాస్త దిగింది.

హిమజ నా వైపు చూస్తోంది. కత్తెర ఇంకా కిందే ఉంది. ఏదో కాగితం తీసి రాసుకుంది. తర్వాత నేను అడిగితే చూపించింది. "ఆరేసిన బట్టలు ఇంకా ఆరలేదు. ఆరిన పిదప తీగ దించబడును" అని రాసి ఉంది. పైన ఉన్న చీరలు వారం రోజుల నుంచి ఎండిపోయి కరకరలాడుతున్నాయి.

మీట నొక్కాను. మేకలకి చెప్పడం ఎంత తేలికో ఇప్పుడు తెలిసింది.

"క్షమించమని చెప్పాను. బేరం కోసం నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను. తప్పయిపోయింది తలుపులూ."

వదిలాను. అవతల మీట నొక్కే ఉంది, మాట ఎంత బలంగా అందుతోందో చూపే సెట్టు మీది ముల్లు చివరిదాకా వెళ్ళి ఊగుతోంది. అవతల టీ పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. అంటే నా మాట దానికి ఇంకెంత బాగా వినిపించి ఉంటుందో నాకు తెలుసు.

"ఏంటీ?" అంది తలుపులమ్మ. "సరిగ్గా ఇనపళ్ళేదు. మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను.

"మధ్యలో తెగింది. మళ్ళీ."

మూడోసారి కూడా చెప్పాను. ఈసారి మార్కెట్టంతా వినేంత గట్టిగా చెప్పాను.